ఇంట్లో తెలుగు బంద్

ముత్తమ్మాళ్ మూడు నెలలుగా మనవరాలితో ఒక్క తెలుగు మాట ఆడలేదు. ఆడకూడదని కొడుకు సెల్వరాజ్ కట్టడి చేశాడు. నాలుగో తరగతి సింధుజకు తమిళం చదవడం రావడం లేదట. ఇంట్లో తెలుగు మాట్లాడి బిడ్డ బుర్ర చెడగొడుతున్నారని బళ్ళో పాత టీచరు తేల్చేసింది. ఇంకేముంది! తమిళనాట కోవిల్‌పట్టి పక్క పల్లెలో తాతల నాటి నుంచి ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడిన కుటుంబం ఒక్క పూటలో నోటికి తాళం వేసుకుంది.

ముసలామెకు తమిళం రాక కాదు. సంతలో ఆమె బేరమాడితే అవతలివాడు దణ్ణం పెట్టాల్సిందే. కానీ ముద్దు చెయ్యడానికి, తిట్టడానికి, కథ చెప్పడానికి అది నాలుక మీదికి రాదే! ఏం చేస్తుంది పాపం, పాలు పిండుతూ కథలన్నీ ఎనుముకు చెప్పుకునేది. అది నెమరేస్తూ వినేది.

ఒక శనివారం కొత్త టీచరు జోతిలక్ష్మి ఇంటికే వచ్చింది. బిడ్డను బడి మాన్పించమంటుందేమోనని ముత్తమ్మాళ్ పాలచెంబు అక్కడే పెట్టి పరుగున వచ్చింది. టీచరు పుస్తకం తెరిచి సింధుజను చదవమంది. పిల్ల ఒకే మాటను ఒకే పేజీలో మూడు రకాలుగా చదివింది, ఒక వరుస దాటేసింది, చెమటలు పట్టి ఆగిపోయింది. అదే పాఠం టీచరు చదివి వినిపిస్తే మాత్రం అడిగినవాటికల్లా టకటకా జవాబు చెప్పింది.

"నీకొచ్చిన కథ ఏదైనా చెప్పు" అంది టీచరు.

సింధుజ అవ్వ వైపు దొంగచూపు చూసి, నిన్న ఎనుము విన్న కథనే అందుకుంది. తమిళంలో, ఒక్క ముక్క పోకుండా! కొట్టం వెనక నక్కి రోజూ వినేస్తోందన్నమాట గడుగ్గాయి.

"ఇది బద్ధకమూ కాదు, తెలుగు చేసిన తప్పూ కాదు పాట్టీ" అంది టీచరు అవ్వతో. "డిస్లెక్సియా అనిపిస్తోంది. తెలివికేం లోటు లేదు. అక్షరాన్నీ శబ్దాన్నీ జత చెయ్యడమే కష్టం. విరుదునగర్‌లో పరీక్ష చేసేవాళ్ళున్నారు, నేర్పే పద్ధతి వేరే ఉంది. ఇంట్లో మీరెంత మాట్లాడితే అంత మంచిది. మీ ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉండేదా?"

ముత్తమ్మాళ్ గడప దగ్గర నిలబడ్డ కొడుకు వైపు చూసింది. చిన్నప్పుడు వీడూ ఇలాగే పుస్తకం ముందు చెమటలు కక్కేవాడు. చింతబరికె తీసుకున్నది తనే.

"అయ్యో నా తండ్రీ! మొద్దోడా అని నిన్నెంత బాదినానురా!"

"పోనీలేమ్మా" అన్నాడు సెల్వరాజ్, కూతురి ముందే, తెలుగులో. "నేను మొద్దును కానని ఇన్నేళ్ళకైనా తెలిసింది కదా." అని పకపకా నవ్వేశాడు, కళ్ళు తుడుచుకుంటూనే. "టీచర్, విరుదునగర్‌లో పెద్దోళ్ళకు కూడా నేర్పుతారేమో అడగండి."

సింధుజ వచ్చి నాయన చెయ్యి పట్టుకుంది.

"అయితే మనిద్దరం ఒకే క్లాసా నాయనా?"