కిల్టు కట్టిన వియ్యంకుడు

అయినా ఈ పట్టీలు బిగించడం భార్య పైడమ్మకి వచ్చినట్టు ఇంకెవరికీ రాదు, కుడి తుంటి మీది తోలుపట్టీ లాగితే ఎడమది జారుతుంది, ఎడమది సర్దితే నడుం చుట్టూ ఎర్రగళ్ళ ఉన్నిగుడ్డ వంకరపోతుంది, పోతే పోనీ, చోవా చూ కాంగ్‌లో స్టేషన్లో రైలు తలుపులు తెరుచుకున్నాయి, నారాయణస్వామి ఎక్కి కూర్చున్నాడు, కూర్చోగానే పడింది మొదటి చూపు, అది ఎప్పుడూ మోకాళ్ళ మీదే పడుతుంది, అక్కణ్ణుంచి ముఖానికి ఎగబాకుతుంది, ఈ నల్లముఖానికి ఆ దొరల కిల్టేమిటన్నట్టు మళ్ళీ మోకాళ్ళకి దిగుతుంది, తెల్లదొర కట్టుకున్నా ఫొటో తీస్తారు, ఇతను కట్టుకున్నా తీస్తారు, కాకపోతే దొరని అడిగి తీస్తారు, ఎదుటి సీట్లో అమ్మాయి మెసేజి చదువుతున్నట్టు నటిస్తూ ఫోను పైకెత్తింది, తీసుకో తల్లీ, నీ స్నేహితులందరికీ పంపుకో, ఇతను గడ్డం ఇంకాస్త ఎత్తి కూర్చున్నాడు.

పొద్దున గుడిలో కూతురి పెళ్ళికి పట్టుపంచె కట్టాడు, అదీ నడుముకి చుట్టుకునే గుడ్డే, ఎవరూ నవ్వలేదు, అల్లుడి తండ్రి జనార్ధనరావు, బెజవాడ నుంచి బంధువుల్ని వెంటేసుకుని దిగినాయన, బావగారూ మీ కట్టు చూస్తుంటే మా తాతగారు గుర్తొస్తున్నారండీ అని మెచ్చుకున్నాడు, మధ్యాహ్నం భోజనాల దగ్గర అదే మనిషి సాయంత్రం రిసెప్షనుకి మీరేం వేసుకుంటున్నారు, సూటేనా అన్నాడు, కిల్టు అన్నాడు ఇతను, కిల్టంటే ఏమిటని ఫోనులో వెతుక్కుని చూసి, అయ్యో బావగారూ, ఇది ఆడపిల్లల గౌనులా ఉందండీ, మావాళ్ళు మా ఊరి గ్రూపులో పెట్టేస్తారండీ అని కడుపు పట్టుకుని నవ్వాడు, వీడియో కాల్లో ఎన్నిసార్లు చూడలేదు ఆయన్ని, గళ్ళలుంగీ మోకాళ్ళ పైకి మడిచి ఇడ్లీ తింటూ చాంగీలో మా వాడి బ్యాంకు గొప్పతనం చెబుతూ, ఆయన గళ్ళు మగగళ్ళు, ఇతని గళ్ళు ఆడగళ్ళు, షర్మిల పక్కకి పిలిచి నాన్నా ప్లీజ్ లా అని ఈ ఊరి యాసలోకి దిగి, ఈ ఒక్కరోజూ ప్యాంటు వేసుకో అంది, తోటలో పుట్టినవాణ్ణి, నాకు మంచి బట్ట ఇదొక్కటే అన్నాడు, మలయా దేశం పేరాక్‌లో పామాయిల్ తోట, తోట మధ్య తెలుగుబడి, దొర జీపు కనబడితే చేతులు కట్టుకుని వంగే తండ్రి, ఆ తండ్రి కొడుకుని ఈ ఊళ్ళో కిల్టులు కట్టి వాయించే హార్బరు బ్యాండువాళ్ళు పిలిచి డ్రమ్ము భుజాన వేసి నిటారుగా నిలబడమన్నారు, బతుకులో ఇతన్ని నిటారుగా నిలబడమన్నది ఈ బట్టలోనే, ఇది విప్పి ఎవరి నవ్వుకి భయపడి ప్యాంటు తొడుక్కోవాలి, తొడుక్కోడు, బిషాన్ దాకా ఇలాగే వెళతాడు, హాల్లోకి ఇలాగే వెళతాడు.

క్రాంజీలో ఇద్దరు కుర్రాళ్ళు ఎక్కారు, చేతుల్లో పని హెల్మెట్లు, ఎక్కుతూనే ఒకడు రెండోవాణ్ణి మోచేత్తో పొడిచాడు, ఒరేయ్ ఉదయ్‌కిరణ్, గటు సూడు, తాత గౌనేసుకొచ్చిండు, నవ్వకురా బై, అర్థమైతది, ఏమర్థమైతది, మలయాయన లెక్కున్నడు, గని లోపల ఏమన్న ఏస్కుంటరంటవా, పోయి అడుగు, నువ్వే అడుగు, ఇతను కిటికీ వైపు చూస్తూనే వేసుకుంటాం బాబూ, మీరు లుంగీ కింద వేసుకునేదే అన్నాడు, ఒకడి ముఖం హెల్మెటు వెనక్కి పోయింది, ఉదయ్‌కిరణ్ అనేవాడు మాత్రం చేతులు జోడించి మాఫ్ చెయ్యుండ్రి అంకుల్, మీరు మనోళ్ళని తెల్వదు అన్నాడు, మనవాళ్ళు కాకపోతే నవ్వొచ్చా అని అడిగాడు ఇతను, ఉదయ్‌కిరణ్ హెల్మెటు చంకన పెట్టుకుని, యాడికి పోతున్నరు అంకుల్, బ్యాండు వాయించనీకా, కాదు, మా అమ్మాయి పెళ్ళి రిసెప్షనుకి, పెండ్లికా, గిట్లనే పోతున్నరా, పిలగాని దిక్కోళ్ళు ఏమనరా అంకుల్, ఏమంటారో చూడ్డానికే వెళుతున్నాను అన్నాడు, అని లేచాడు, కుర్రాళ్ళు పాపం జరిగి దారిచ్చారు, ఆ మర్యాద తనకక్కర్లేదు, రైలు ఊగుతుండగా కడ్డీ తర్వాత కడ్డీ పట్టుకుని వెనక పెట్టెలోకి నడిచాడు.

నవ్వినచోట ఉండడు, అది ఇతని పద్ధతి, కిల్టు ఇంటికొచ్చిన మొదటి రోజు పైడమ్మే కట్టింది, పంచెకి కుచ్చిళ్ళు ముందుంటాయి కాబట్టి దీనికీ ముందే ఉండాలని మడతలన్నీ పొట్ట మీదికి తిప్పి పట్టీలు బిగించింది, ఏటి మావా అలాగ సూస్తావు, కుచ్చిళ్ళు ముందు లేపోతే మగోడికి అందమేటి అంది, తనకీ సబబే అనిపించింది, మైదానంలో బ్యాండంతా ఒక్కసారి చూసింది, వెనక ఉండాల్సినవి ముందున్నాయి, అందరికంటే గట్టిగా నవ్వింది పైడమ్మతో చూడ్డానికొచ్చిన ఆమె తమ్ముడు రవీంద్రన్, అక్కా బావకి చీర కట్టి పంపావా అని, పైడమ్మ కూడా నవ్వింది, ఇతను నవ్వలేదు, ఆ రోజు నుంచి రవీంద్రన్‌తో మాటల్లేవు, అక్క శవం దగ్గర ఇద్దరూ చెరోవైపు నిలబడ్డప్పుడూ లేవు, తర్వాత లిఫ్టులో నవ్విన పక్కింటాయన, తర్వాత గుడి కమిటీవాళ్ళు, నవ్వినవాడి గుమ్మం మళ్ళీ తొక్కలేదు, విందు మధ్యలో చెయ్యి కడుక్కుని వచ్చేసిన రోజులున్నాయి, పైడమ్మ ఆ విందు పూర్తిచేసుకుని పొట్లంలో ఇతని వాటా తెచ్చేది, తిన్నాడు, ఒక్కణ్ణీ క్షమించలేదు, క్షమించడానికి వాళ్ళు మంచివాళ్ళని ఎవరు చెప్పారు.

యిషున్‌లో చీనా కుర్రాడొకడు ఎక్కి ఎదురుగా కూర్చున్నాడు, వాడూ కిల్టులోనే ఉన్నాడు, అయితే నల్లటి క్యాన్వాసు గుడ్డ, రెండువైపులా సంచుల్లాంటి జేబులు, కింద పెద్ద బూట్లు, ఇద్దరు కాలేజీ పిల్లలు వెంటనే వాణ్ణి చుట్టుముట్టారు, చాలా బాగుంది, ఎక్కడ కొన్నావు, జేబులు కూడా ఉన్నాయా అని ఇంగ్లీషులో మురిసిపోయారు, అరె, ఇతని ఎనిమిది గజాల ఉన్ని వాళ్ళ కంటికి ముసలాడి వేషం, ఆ జేబుల సంచీ ఫ్యాషను, కుర్రాడు ఇతన్ని చూసి అంకుల్, మీది అసలైనది కదా అని నవ్వుతూ తలాడించాడు, ఇతను తలాడించలేదు, పిల్లలు దిగిపోయారు, పక్కన కూర్చున్న పెద్దమనిషి పెళ్ళాం చెవిలో వాళ్ళ భాషలో ఏదో అన్నాడు, ఇద్దరూ కుర్రాడి కాళ్ళని చూసి కిసుక్కుమన్నారు, భాష రాకపోయినా ఆ నవ్వు ఇతనికి బాగా తెలుసు, ఇప్పుడు ఈ కుర్రాడు లేస్తాడు, అనుకున్నాడు, లేవలేదు, సిగ్గులేనివాడు అనుకున్నాడు, చూస్తే కుర్రాడి చెవులు మిరపపళ్ళలా ఉన్నాయి, ఉంది సిగ్గు, ఉండీ కదల్లేదు, ఫోను కూడా తియ్యలేదు, నవ్విన ఇద్దరే కాసేపటికి వేరే వైపు చూడవలసి వచ్చింది, ఇతను బిషాన్‌లో దిగేటప్పుడు కుర్రాడి వైపు ఒకసారి తలాడించాడు, వాడు చూశాడో లేదో తెలియదు.

కాండోమినియం ఫ్లాట్ల కింద హాలు, ఏసీ చలి, మల్లెపూలు, బిర్యానీ వాసన, వేదిక మీద షర్మిల, పక్కన సూటులో అల్లుడు, పెళ్ళికొడుకు వైపు సోఫాల నిండా జనం, పెళ్ళికూతురి వైపు వేదిక పక్కన కుర్చీ ఒక్కటే, తల్లి లేదు కాబట్టి ఒక్కటే, ఇతను గుమ్మంలో కాలుపెట్టాడు, ఎవరో పిల్లవాడు అమ్మా చూడు అన్నాడు, జనార్ధనరావు రెండు చేతులూ చాచి రండి బావగారూ రండి, మేళగాళ్ళని పిలవలేదనుకున్నాం, పిలిచారన్నమాట అన్నాడు, సోఫాలన్నీ నవ్వాయి, ఫోనులు లేచాయి, ఇతని నాలుక మీద మాట సిద్ధంగానే ఉంది, ఆయన లుంగీ గురించి, ఇడ్లీ గురించి, అనేసి వెనుదిరగడమే తరువాయి, కాళ్ళకి అలవాటే, అప్పుడు కూతురి వైపు చూశాడు, షర్మిల నవ్వేవాళ్ళని చూడటం లేదు, కిల్టునీ చూడటం లేదు, ఇతని వెనకున్న తలుపుని చూస్తోంది, దానికి తెలుసు, ఇంకో క్షణంలో ఆ తలుపు ఊగుతుందని, ఆ చూపు ఇతనెరుగును, ఎక్కడ చూశాడు, పైడమ్మ ముఖంలో చూశాడు, ప్రతి విందులోనూ, నువ్వెల్లిపోతావు మావా, నువ్వు తెచ్చిన నవ్వు నువ్వు మోసుకుపోవు, నాను కూసుంటాను గదా దాని మద్దిన, అని ఒక్కసారే అంది, అన్నం వడ్డిస్తూ, ఇతను అన్నం వైపే చూశాడు, ఇప్పుడు పైడమ్మ లేదు, ఇతను వెళితే ఆ నవ్వు మధ్య ఈ పిల్ల కూర్చోవాలి, ఈ రాత్రే కాదు, ఆ ఇంట్లో రోజూ, మీ నాన్న అని మొదలయ్యే ప్రతి మాటకీ, ఇతను అడుగు ముందుకి వేశాడు, లుంగీ మాట నాలుక మీదే ఉంచుకుని జనార్ధనరావుని దాటాడు, ఈ మనిషిని క్షమించే ప్రశ్నే లేదు, ఇవాళ కాదు, ఏనాటికీ కాదు, వెనక మడతలు అరచేత్తో చదును చేసుకుని ఒంటికుర్చీలో కూర్చున్నాడు, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని నవ్వేవాళ్ళందరికీ ఎదురుగా, చెవులు కాలిపోతున్నాయి, కాలనీ, నవ్వు దానంతటదే అలిసిపోవాలి, అది అలిసేదాకా ఇక్కణ్ణుంచి లేవవలసినవాడు తను కాదు.