రెండు వరుసల్లో ఒక్క ఆటగాడు

మ్యాచ్ చూడటానికి కూర్చునే ముందు చేయవలసిన పనులు ఇవి. రెండు జట్ల ఆటగాళ్ల పేర్లు ఎక్కించాలి. చొక్కా నెంబర్లు సరిచూడాలి. గోల్‌కీపర్లను వేరుగా పెట్టాలి. టీ కప్పును నాకు దూరంగా ఉంచాలి. మొదటి మూడు అందరూ చేసేవారు.

నేను ఒక కీబోర్డును. ఎక్కడ పుట్టానో గుర్తు లేదు కానీ, పుట్టినప్పుడు నా మీద అక్షరాలన్నీ కనబడేవి. మొదట నన్ను గాజువాకలో ఒక నెట్ సెంటర్ కొనుక్కుంది. పరీక్ష ఫలితాలు చూసుకోవడానికి వచ్చేవాళ్లు ఎంటర్ మీటను ఎంత గట్టిగా కొడితే అన్ని మార్కులు పడతాయని నమ్మేవారు. పడగా నేను చూడలేదు. ఆ సెంటర్ మూతపడ్డాక మధురవాడలోని ఒక చిన్న ఆఫీసుకు చేరాను.

అక్కడి పని విచిత్రమైనది. యూరప్‌లో క్లబ్బుల మధ్య హ్యాండ్‌బాల్ కప్పు జరుగుతుంది. ఆ మ్యాచ్‌ల వీడియోలు చూసి ఎవరు ఎన్ని గోల్స్ కొట్టారు, కీపర్ ఎన్ని ఆపాడు, ఎవరిని కాసేపు బయట కూర్చోబెట్టారు అన్నది మేము లెక్కకట్టి పంపాలి. ఇక్కడ ఆ ఆట ఆడినవాళ్లు లేరు. అక్కడ ఆడేవాళ్లకు తమ లెక్క మధురవాడలో తేలుతుందని తెలియదు.

నా ముందు కూర్చునేది గొర్లె హైమావతి. శ్రీకాకుళం వైపు అమ్మాయి, వాళ్ల ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి. సీజన్ చివర పంపే పట్టికలో తప్పు లేకపోతే ఉద్యోగం ఖాయం చేస్తానని మేనేజరు యజ్ఞేశ్వర్ చెప్పాడు. అందుకని నన్ను, నొప్పి పుడుతుందేమో అన్నట్టు, మెల్లగా నొక్కేది.

చిక్కంతా ఒక హంగేరీ క్లబ్బు దగ్గర వచ్చింది. సొంత మైదానంలో ఆడినప్పుడు వాళ్ల జాబితాలో 'బార్దోష్ గెర్గెయ్' అని ఉండేది. బయట ఆడినప్పుడు 'గెర్గెయ్ బార్దోష్' అని వచ్చేది.

"సార్, ఈళ్లిద్దరూ ఏటవుతారండి?"

"బార్దోష్ వారి అబ్బాయి గెర్గెయ్, గెర్గెయ్ వారి అబ్బాయి బార్దోష్. వియ్యాలవారై ఉంటారమ్మా."

"మరి చొక్కా నెంబరొకటేనండి. ముఖాలూ కలిసినాయి."

"వియ్యాలవారన్నాక ఆ మాత్రం ఇచ్చిపుచ్చుకోరా? చెరో వరుస వేసెయ్."

వేసేసింది. ఆ వియ్యాలవారు ఏ మ్యాచ్‌లోనూ కలిసి ఆడలేదని నాకు తెలుసు. కానీ నన్ను నొక్కితేనే కదా నేను మాట్లాడేది!

సీజన్ ముగిసింది. ఒక సీజన్‌లో అత్యధిక గోల్స్ రికార్డు పాతదే నిలిచిందని పట్టిక వెళ్లిపోయింది. హైమావతి జీతం ఖాతా తెరవడానికి బ్యాంకుకు వెళ్లి, మండిపడుతూ తిరిగి వచ్చింది.

"ఆధార్‌లో గొర్లె హైమావతట, డిగ్రీ పట్టాలో హైమావతి గొర్లెట! ఇద్దరూ ఒకరేనని నోటరీ చేయించి తెమ్మంటన్నారు సార్. నానేటి ఇద్దర్నా? ఒక్క మనిసిని పట్టుకుని..."

అక్కడ ఆగిపోయింది. కుర్చీ లాక్కుని కూర్చుని నా మీద వేళ్లు పెట్టింది. వియ్యాలవారి రెండు వరుసలూ కలిపింది. ఇద్దరి గోల్స్ ఒకచోట చేరేసరికి పాత రికార్డు కిందికి దిగిపోయింది.

"సార్, మన వియ్యాలవారు ఇద్దరు కాదండి. ఒకడే. వాళ్లూ మనలాగే ఇంటిపేరు ముందు రాసుకుంటారు. బయటోళ్లు తిరగేసి రాసినారు."

యజ్ఞేశ్వర్ తెర వంక చూసి తల పట్టుకున్నాడు. "ఇప్పుడు తప్పని రాస్తే నీ ఉద్యోగం ఖాయం చేసే కాగితం ఆగిపోతుందమ్మా. ఎవరికి తెలుస్తుంది చెప్పు?"

"గోల్స్ కొట్టినోడికి తెలుస్తాది కదండి. లెక్కెట్టుకోడా?"

సవరణ ఉత్తరం నా మీదే టైపు చేసింది. నన్ను ఆమె గట్టిగా నొక్కింది అప్పుడే. వియ్యం కుదిర్చింది తానే కాబట్టి యజ్ఞేశ్వర్ కింద తన పేరు కూడా చేర్పించాడు. పైవాళ్లు అతణ్ని మందలించి వదిలేశారు. హైమావతి కాగితాన్ని మాత్రం ఇంకో సీజన్‌కు వాయిదా వేశారు. ఆమె కొత్త సీజన్ మొదటి మ్యాచ్ పేర్లు ఎక్కించడం మొదలుపెట్టింది.

ఇప్పుడు నేను ఆఫీసు వెనక గదిలో, పాత వైర్లతో కలిసి ఒక గోనెసంచిలో ఉన్నాను. ఆ కప్పు రికార్డుల పట్టిక మీ కంటబడితే పైవరుసలో హంగేరీ ఆటగాడు ఉంటాడు. అతణ్ని తలచుకోవడానికి వాళ్ల ఊరంతా ఉంది. మీరు మాత్రం హైమావతిని ఒకసారి తలచుకోండి. ఎవరికీ తెలియని తప్పును, తనకే నష్టమని తెలిసి, తన చేత్తో దిద్దిన మనిషి ఆమె. ఆ పట్టికలో అలాంటి లెక్కకు వరుస లేదు.