కొడితిమి కాదు, కొడితిని

వెంకటేశ్వరికి కొడుకు పెంచల్ అంటే గర్వం. ఆ గర్వాన్ని ఆమె ఏనాడూ దాచుకోలేదు, దాచుకోవాలని ప్రయత్నించిందీ లేదు. కువైట్‌లోని సాల్మియాలో ఆమె ఆయాగా పనిచేసే నర్సరీలో పసిపిల్లల్ని దింపడానికి వచ్చే తల్లులకు కూడా పెంచల్ ఎడం కాలి సంగతి తెలుసు. మావాడు ఎడం కాలితో తన్నితే బంతి గోల్‌కీపరు కంటికి ఆనదని అరబ్బీలో, హిందీలో, వచ్చినంత ఇంగ్లీషులో చెప్పేది. విన్నవాళ్ళు ఫుట్‌బాల్ చూస్తారా లేదా అన్నది ఆమెకు అనవసరం. మ్యాచ్ ఉన్న ప్రతి శుక్రవారం పొద్దున ఉప్పూ మిరపకాయలూ తీసుకుని కొడుకు తల చుట్టూ మూడుసార్లు, ఆ ఎడం కాలి చుట్టూ మరో మూడుసార్లు తిప్పి దిష్టి తీసేది. ఇరవై ఏళ్ళవాడు, కాలేజీలో ఆఖరి ఏడాది చదువుతున్నవాడు, సిగ్గుతో చచ్చిపోతూ నిలబడేవాడు.

జట్టులో అరబ్బు పిల్లలకు 'ప' పలకదు కాబట్టి పెంచల్‌ని బెంచల్ అనేవాళ్ళు. రానురాను అది బెంచి అయింది. ఆ బెంచి మొదటి ఏడాది తప్ప మళ్ళీ ఎప్పుడూ బెంచీ మీద కూర్చోలేదని వెంకటేశ్వరి నవ్వుతూ చెప్పేది.

నిజం చెప్పాలంటే ఆ గర్వంలో కొంత గుడ్డితనం ఉంది. పెంచల్‌కి రెండుసార్లు ఎర్రకార్డు చూపించారు. ఒకసారి అవతలి జట్టువాడి పెదవి పగిలింది. మరోసారి బట్టలు మార్చుకునే గది తలుపు విరిగింది. కాలేజీవాళ్ళు పిలిపించినప్పుడల్లా ఆమె వెళ్ళి, ఆటన్నాక రక్తం ఉడుకుతుంది, అందరు పిల్లలూ కలిసి చేసినదానికి నా కొడుకొక్కణ్ణే నిలబెడితే ఎట్లా అని దబాయించి వచ్చేది. ఆమె భర్త శ్రీనివాసులు అర్దియాలో ఒక గ్యారేజీలో ఫోర్‌మన్. వాణ్ణి నువ్వే చెడగొడుతున్నావని గొణిగేవాడు. గొణగడం తప్ప ఆయన మాత్రం చేసిందేముంది?

ఆ శనివారం పొద్దున పెంచల్ దోసె ముట్టలేదు. ముందురోజు మ్యాచ్ ఓడిపోయారని ఆమెకు తెలుసు. కానీ ఓడిన మర్నాడు వాడు రెండు దోసెలు ఎక్కువే తింటాడు. ఆమె పెనం దించి, పొయ్యి ఆపి, వాడి ఎదురుగా కూర్చుంది. వాడు కాసేపు ఫోన్ అటూ ఇటూ తిప్పాడు.

"గొడవైందిమా. గ్రౌండు కాడ ముసలాయన్ని కొడితిమి" అన్నాడు.

ముసలాయనంటే గ్రౌండు హారిస్, అంటే కాపలాదారు. అరవై దాటిన ఈజిప్టు మనిషి. ఆఖరి నిమిషంలో పెనాల్టీతో ఓడిపోయి పిల్లలు గడ్డి మీద మూతులు ముడుచుకుని కూర్చున్నారట. ఆయన గేటుకు తాళం వేసుకోవాలి, లేవండి అన్నాడు. లేవలేదు. ఆయన వాళ్ళ బంతి తీసి చంకలో పెట్టుకుని, ఇప్పుడు లేస్తారులే అన్నాడు. కెప్టెన్ తోశాడు. ఆయన పడ్డాడు. తర్వాత అయిదుగురు మీద పడ్డారు. ఆయన కదలకుండా పోయేసరికి భయపడి కార్లెక్కి పారిపోయారు. దారినపోయే వాళ్ళెవరో అంబులెన్సును పిలిచారు. ఇప్పుడు ఫోన్‌లో కెప్టెన్ పెట్టిన సందేశం ఉంది: మనం బయల్దేరేటప్పటికి ముసలాయన బాగానే ఉన్నాడు, అందరూ ఇదే మాట మీద ఉండాలి.

ఆయన్ని అంతలా తన్నింది ఎవరని ఆమె అడిగింది. అందరమూ అన్నాడు. మళ్ళీ అడిగింది. మేమంతా కలిసే కొడితిమి అన్నాడు. మూడోసారి అడిగితే తల దించుకుని తన ఎడం కాలి వైపు చూశాడు. వెంకటేశ్వరీ అటే చూసింది. ఆ కాలికి తాను దిష్టి తీసి పంపి ఇంకా రోజు తిరగలేదు.

లోపలి గదిలోంచి శ్రీనివాసులు అంతా విన్నాడు. ఆయన అరవలేదు, వాణ్ణి కొట్టలేదు. గోడకు ఆనుకుని నిలబడి, తనకు వీసా పూచీ ఉన్న కఫీల్ బావమరిదికి పెద్దవాళ్ళ దగ్గర వాస్తా ఉందని, ఆ పలుకుబడితో ఒక్క మాట వేయిస్తే మనవాడి పేరు బయటికి రాదని అన్నాడు. కేసయితే జైలు, జైలయ్యాక విమానం, అంతటితో చదువు ఖలాస్. నాలుగు నెలలు గడిస్తే డిగ్రీ చేతికొస్తుంది. ఆయన మాటల్లో అబద్ధం ఒక్కటీ లేదు. పుల్లంపేట నుంచి వచ్చి ఈ ఎండల్లో ఇన్నేళ్ళు ఒళ్ళు హూనం చేసుకున్నది ఆ డిగ్రీ కోసమే.

వెంకటేశ్వరి ఆ డిగ్రీ మాట ఎత్తలేదు. ఇరవై రెండేళ్ళ కిందటి సంగతి ఎత్తుకుంది. అది భర్తకు కూడా తెలియని సంగతి.

అప్పుడామె ఒక కువైటీ ఇంట్లో పనిమనిషి. ఆ ఇంట్లో పనివాళ్ళు నలుగురు. ఇంటి యజమానురాలిని అందరిలాగే వీళ్ళూ మామా అనేవాళ్ళు. ఒకరోజు మామాకు పుట్టింటివాళ్ళు పెట్టిన గాజు కూజా వెంకటేశ్వరి చేతిలో పగిలింది. ఎవరు చేశారని మామా అడిగితే, ఆమె 'అనా' అనలేదు. అనా అంటే నేను. 'ఇహ్నా' అంది, అంటే మేము. అరబ్బీ అప్పుడప్పుడే వస్తోంది, మాట తడబడిందని తనకు తాను సర్దిచెప్పుకుంది. మామా నలుగురినీ పంపించలేక, కొత్తగా వచ్చిన రాయచోటి పిల్ల జమీలా బీని పంపించేసింది. వారం తిరగకుండా విమానం ఎక్కించారు. ఆ పిల్ల ఏడుస్తూ పెట్టె సర్దుకుంటుంటే, పెట్టె మూత పట్టుకుని సాయం చేసింది వెంకటేశ్వరే.

"ఆ కూజా పగలగొట్టింది నేను. ఇన్నేండ్లలో ఈ మాట ఒక్కరితో అన్లా. కాలేజీకి పోయి అందరూ చేసినారు, అందరూ చేసినారు అని నీ తరఫున కొట్లాడింది గూడా నేనే. నీకా మాట నేర్పింది నేనేరా" అంది. కొంగుతో మొహం తుడుచుకుని లేచింది. "చెప్పులేసుకో. మఖ్ఫర్‌కి పోవల్ల."

మఖ్ఫర్ అంటే పోలీసు స్టేషను. శ్రీనివాసులు అడ్డుపడతాడనుకుంది. ఆయన కారు తాళాలు తీసుకుని ఇద్దరికంటే ముందు మెట్లు దిగాడు. దారిలో పచ్చ లైటు పడినా కారు కదపకపోతే వెనకవాళ్ళు హారన్లు మోగించారు.

స్టేషన్‌లో నడివయసు అధికారి ఒకడు బల్ల ముందు కూర్చుని ఉన్నాడు. వచ్చిన అరబ్బీ ఆట మాటల వరకే కాబట్టి పెంచల్ ఇంగ్లీషులో మొదలుపెట్టాడు. ఆయన చెయ్యి అడ్డం పెట్టి, వాంగ్మూలం అరబ్బీలోనే రాయాలి, తన ఇంగ్లీషు దానికి చాలదు, తెలుగు తర్జుమా మనిషి ఆదివారం గానీ రాడు, రేపు రమ్మన్నాడు. రేపటికి ఏమవుతుందో వెంకటేశ్వరికి తెలుసు. ఈలోగా కెప్టెన్ ఫోన్ చేస్తాడు, కఫీల్ బావమరిది ఫోన్ చేస్తాడు. తనకు అరబ్బీ వచ్చని, తాను చెబుతానని ముందుకు జరిగింది. తెలుగు సంఘాల తరఫున ఎవరో ఒకరు ఇలా తర్జుమాకు వస్తుండడం అక్కడ మామూలే. ఆయన అదే అనుకున్నాడు, నువ్వెవరని అడగలేదు. ఆమె చెప్పనూ లేదు.

ముందుగా ఆ హారిస్ ఎలా ఉన్నాడో అడగమన్నాడు పెంచల్. మూడు పక్కటెముకలు విరిగాయని, ఒకటి లోపల గుచ్చుకుంటే ఆపరేషన్ చేశారని, ప్రాణాపాయం తప్పిందని అధికారి చెప్పాడు. పొద్దున స్పృహలోకి వచ్చాడట. కిందపడ్డాక మొహానికి చేతులు అడ్డం పెట్టుకున్నాడు కాబట్టి ఎవరు తన్నారో చూడలేదన్నాడట. అది విని శ్రీనివాసులు కుర్చీలో కదిలాడు. చూసినవాడు లేడు. ఇప్పుడు లేచి వెళ్ళిపోయినా ఆపేవాడు లేడు.

ఏం జరిగిందో చెప్పమన్నాడు అధికారి. పెంచల్ వచ్చేటప్పుడు కార్లో ఏమనుకున్నాడో గానీ, ఆ బల్లను, ఆ యూనిఫారాన్ని చూసేసరికి పాత మాటే వచ్చింది.

"గ్రౌండు కాడ గొడవైంది. మేము అయిదుమందిమి కొడితిమి."

వెంకటేశ్వరి నోరు తెరవలేదు. అధికారి కలం పట్టుకుని చూస్తున్నాడు. ఏమన్నాడని అడిగాడు. ఆమె కొడుకు వైపు తిరిగింది.

"కొడితిమి అనేదానికి నాకు అరబ్బీలో మాట రాదురా" అంది మెల్లగా.

ఇరవై రెండేళ్ళుగా అరబ్బీలో కూరలు బేరమాడిన మనిషి, అరబ్బీలో పసిపిల్లల్ని నిద్రపుచ్చిన మనిషి అంటున్న మాట అది. ఆమెకు ఏ మాట వచ్చో, ఏ మాట రాదో పెంచల్‌కి తెలుసు. వాడి మెడ మీద నరం కొట్టుకోవడం ఆమెకు కనిపించింది. ఇదే పిల్లవాడికి నడక నేర్పేటప్పుడు రెండడుగుల దూరంలో కూర్చుని చేతులు చాచిందే గానీ దగ్గరికి జరగలేదు. ఇప్పుడూ జరగలేదు. చెప్పరా నాయనా అని మనసులో వెయ్యిసార్లు అనుకుంది. పైకి మాత్రం అనలేదు.

"ఆయన కిందపడినాక రెండు తన్నులు తన్నితిని" అన్నాడు పెంచల్. "బూట్లతో. ఎముకలిరిగిన పక్క తన్నింది నేనే. మిగతావాళ్ళు ఏం చేసినారో వాళ్ళను అడుగు. నేను మాత్రం కొడితిని."

'మి' పోయి 'ని' వచ్చింది. ఒక్క అక్షరం. వెంకటేశ్వరి దాన్ని అరబ్బీలోకి ఉన్నదున్నట్టు మార్చింది. అనా అన్న మాటను అయిదుసార్లు పలికింది. బూట్లతో అన్న మాటను మింగేయాలని ఒక్కసారి అనిపించింది, మింగలేదు. చెబుతుండగానే ఆమెలో ఎక్కడో ఒక సంతోషం పుట్టింది. వాడు గోలు కొట్టినప్పుడు నర్సరీ అంతా చెప్పుకుంది. ఇది అంతకంటే పెద్దదని, దీన్ని చెప్పుకోవడానికి ఏ భాషలోనూ తేలిక మాట లేదని ఆమెకు తెలిసింది.

అధికారి రాయడం ముగించి, కాగితం ఆమె వైపు తిప్పాడు. తర్జుమా చేసినవాళ్ళ పేరు, సంతకం కావాలి. పేరు చెప్పింది. ఏ సంఘం తరఫున వచ్చావని అడిగాడు.

ఏదో ఒక సంఘం పేరు చెబితే సరిపోయేది. నాలుగు పేర్లు నాలిక మీదే ఉన్నాయి. కాగితం పూర్తవుతుంది, పని అయిపోతుంది. కానీ కొడుకు పక్కనే కూర్చుని ఆమె నోటి వైపు చూస్తున్నాడు.

"అనా ఉమ్మా" అంది. నేను వాడి తల్లిని.

అధికారి కలం కింద పెట్టాడు. ఆమెను చూశాడు, పిల్లవాణ్ణి చూశాడు, మళ్ళీ ఆమెను చూశాడు. తల్లి చేసిన తర్జుమా చెల్లదని చెప్పాడు. కోప్పడలేదు. కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి బుట్టలో వేశాడు. ఇది రాయనట్టే, పిల్లవాణ్ణి ఇంటికి తీసుకెళ్ళండి, రేపు పొద్దున తర్జుమా మనిషి వచ్చాక తీసుకురండి అన్నాడు. తీసుకొస్తే అన్న మాట ఆయన అనలేదు గానీ, గదిలో అందరికీ వినిపించింది.

శ్రీనివాసులు అప్పటికే లేచి నిలబడ్డాడు. ఆయన మొహంలోకి నెత్తురు తిరిగొచ్చింది. ఒక రోజు దొరికింది, ఒక రోజులో ఎంతమందికైనా ఫోన్ చెయ్యొచ్చు. "లెయ్‌రా పెంచలూ, పోదాం పా" అన్నాడు. వెంకటేశ్వరి వద్దనలేదు. దాచడమెందుకు, ఆమె కాళ్ళు కూడా తలుపు వైపే తిరిగాయి. ఇంటికి తీసుకెళ్ళి రెండు ముద్దలు కలిపి పెట్టాలని ఉంది. ఇంతదూరం వాణ్ణి లాక్కొచ్చిన చేతుల్లో ఇంక లాగే సత్తువ లేదు.

పెంచల్ కుర్చీలోంచి లేవలేదు.

"మీరు పోండి నాయినా. ఇంటికొస్తే రేపు నేను రాను. నా సంగతి నాకు తెలుసు. నేనీడే ఉంటా."

శ్రీనివాసులు వంగి కొడుకు భుజం మీద చెయ్యి వేశాడు, తీయలేదు.

ఏమంటున్నాడని అధికారి అడిగాడు. ఈ దేశంలో అడుగుపెట్టిన రోజు నుంచి వెంకటేశ్వరి యజమానుల ముందు, అధికారుల ముందు అరబ్బీని తల దించుకునే మాట్లాడింది. ఇప్పుడు తలెత్తి, వరండాలో ఉన్న పోలీసులు కూడా తిరిగి చూసేంత గట్టిగా మాట్లాడింది.

"నా కొడుకు ఇక్కడే ఉంటానంటున్నాడు. రాసుకోండి."

తల్లి తర్జుమా చెల్లదన్న మనిషే కొత్త కాగితం తీసి, ఆమె మాటను ఆమె చెప్పినట్టే రాసుకున్నాడు.