సబ్బు నురుగులో చెయ్యి

తెల్లవారకముందే నల్లప్ప టమోటా బుట్టలు టెంపోకెక్కించుకుని మదనపల్లె మార్కెట్టుకు పోయేవాడు. ఆ తర్వాత పుంగనూరులో అతని భార్య కృష్ణమ్మ రాగిసంగటిని మజ్జిగలో పిసికి, వడగట్టి, కూతురు స్వర్ణకు గ్లాసుతో తాగించేది. స్వర్ణకు ఏడేళ్లు. కింది దవడ పుట్టుకనుంచీ ఎదగలేదు. నమలలేదు, మాట ముద్దగా వచ్చేది, పడుకుంటే ఊపిరి ఆగి ఆగి ఆడేది. ఎడమ చెయ్యి మోచేతి కిందే ఆగిపోయింది.

ఆ చేతికి రెండేళ్లుగా ఆకుపచ్చ గాజులున్నాయి. అది గాజుల వజీర్ పొరపాటు. సంతలో ఎవరితోనో బేరం తెగక వాదిస్తూ, అలవాటుకొద్దీ, చూడకుండానే స్వర్ణ ఎడమ చెయ్యి అందుకుని, వేళ్లు దగ్గరికి నొక్కి గాజులు ఎక్కించేశాడు. మణికట్టు ఉండాల్సిన చోట, గాల్లో, గాజులు నిలిచాయి.

"రంగు బాగుండాది. కుడిచేతికీ ఇవే వెయ్యప్పా" అంది పక్కనున్నామె.

పాఠం జరిగేటప్పుడు గలగలమనిపించొద్దని బడిలో టీచరు గదిమేది.

కృష్ణమ్మ మాత్రం ఆ చెయ్యి ముట్టేది కాదు. స్వర్ణ కడుపులో ఉండగా, తొంభై అయిదు దీపావళి మర్నాడు సూర్యగ్రహణం పట్టింది. ఆ పూట కోడలు బీన్సు తరిగిందని అత్త మంగమ్మ అంటుంది. తరిగిందా? మొదట్లో అయితే తరగలేదనే కృష్ణమ్మకు తెలుసు. ఇన్నేళ్లు వినీ వినీ ఇప్పుడు కత్తిపీట చల్లదనం కూడా గుర్తొస్తోంది.

కుప్పం ఆసుపత్రిలో డాక్టరు చెప్పాడు. "లక్షల్లో ఒకరు ఇట్లా పుడతారమ్మా. గ్రహణానికీ దీనికీ సంబంధం లేదు. దవడ ఎముక కోసి, కొంచెం కొంచెంగా సాగదీద్దాం. ఆలస్యం చేస్తే నిద్రలో ఊపిరే ఆగిపోవచ్చు."

కృష్ణమ్మ తల ఊపింది. బయటికొచ్చాక ఎందుకు ఊపిందో తనకే తెలియలేదు.

"ఒకసారి కత్తి పట్టినందుకే బిడ్డ ఇట్లయింది. మళ్లీ కత్తి పెట్టిస్తావా?" అంది మంగమ్మ.

"డాక్టరు చెప్పినాడు కదత్తా, గ్రహణం కాదని."

"ఆయప్ప ఆ పొద్దు మన వంటింట్లో ఉండాడా?"

ఆ పొద్దు తనెక్కడుందో కృష్ణమ్మకే తేలడం లేదు.

ఆపరేషన్ రోజు నర్సు వచ్చి, "గాజులు తియ్యండమ్మా, లోపలికి వాటితో పోకూడదు" అంది. కుడిచేతివి మొన్న సంతలో మార్చినవే, వచ్చేశాయి. ఎడమచేతివి రాలేదు. రెండేళ్లలో చెయ్యి ఎదిగింది.

"పగలగొడితే అపశకునం. ఇంటికి పోదాం పా" అని మంగమ్మ సంచీ అందుకుంది.

"సబ్బు రాసి నొక్కండమ్మా, వస్తాయి" అంది నర్సు.

కుళాయి దగ్గర కృష్ణమ్మ ఆ చెయ్యి మొదటిసారి పట్టుకుంది. వెచ్చగా ఉంది. సబ్బు రుద్దేకొద్దీ నురుగులో బొటనవేలు తేలింది, ఆనక మిగతావి. ఆమె గాజుల సంగతి మరిచి వేలువేలూ తడమసాగింది. కొసలు, సందులు, అరచెయ్యి.

"ఏం ఎతుకుతాండావు?"

"కత్తిగాటు."

మంగమ్మ సంచీ కింద పెట్టి దగ్గరికొచ్చింది. "నురుగులో ఏం తెలస్తాది? కడిగి సూడు."

కడిగేసరికి చెయ్యి కనిపించకుండా పోయి గాజులే మిగిలాయి. అత్తాకోడళ్లిద్దరూ గాల్లో తడిమారు. స్వర్ణ మెలికలు తిరుగుతూ ఏదో అంది.

"ఏమంటాంది?" అని మంగమ్మ కోడల్ని అడిగింది.

"చక్కిలిగింతలంట నువ్వు ముట్టుకుంటే."

మంగమ్మ ఇంకోసారి తడిమింది. తర్వాత సబ్బు తీసుకుని, మనవరాలి వేళ్లు దగ్గరికి నొక్కి, గాజులు ఒక్కొక్కటే బయటికి లాగి కొంగున ముడేసుకుంది.

కృష్ణమ్మకు కత్తిపీట చల్లదనం ఇంకా గుర్తుంది. చేతిలో చెయ్యి వెచ్చగానే ఉంది. రెండూ ఎట్లా నిజమో అర్థం కాలేదు. తువ్వాలు తీసుకుని కూతురి కుడి చెయ్యి తుడిచింది, ఎడమ చెయ్యి తుడిచింది, వేళ్ల సందులు కూడా.

"తీసకపోండమ్మా" అంది నర్సుతో.

తలుపులు మూసుకున్నాయి. మంగమ్మ బెంచీ మీద కూర్చుని కొంగుముడి సర్దుకుంది.

"వచ్చే సంతలో వజీర్‌తో చెప్పాల. ఒక సైజు పెద్దవి తెమ్మని."