ఆమె సాన పట్టిన చివరి బిట్టు

పొద్దున ఎనిమిదింటికి ఆయన వెనక గదిలో సానరాయి స్విచ్చి వేసి, కళ్లద్దాలు తుడుచుకుని, మొద్దుబారిన డ్రిల్లు బిట్లను లావు నుంచి సన్నానికి వరుసగా పేర్చుకునేవాడు. భార్య పోయిన ఎనిమిది నెలల్లో ఈ క్రమానికి లోటు రాలేదు. లోటంతా పదునులోనే వచ్చింది.

అంతకుముందు పదును ఆమెది. సాన పడుతూ ఏవేవో మాట్లాడేది. ఆ బిట్టుతో ఎవరు ఎక్కడ రంధ్రం వేసినా, రజనుతోపాటు ఆ మాటలూ బయటికి వచ్చేవి. పనివాళ్లకు అది అలవాటే. "అక్కయ్యా, నిన్న బ్యాంకు మేనేజరు తలుపులోంచి నీ మోకాళ్ల నొప్పి సంగతంతా వినపడింది. ఈసారి కాస్త మర్యాదైన కబుర్లు చెప్పు," అని వడ్రంగి వేళాకోళమాడేవాడు.

ఆయన సాన పట్టిన బిట్లు మాట్లాడవు. ఆయన మాట్లాడితే కదా!

ఆ రోజు వడ్రంగి పదకొండు బిట్లను బల్లమీద పోశాడు. "ఏమనుకోకండి బావగారూ. చూడ్డానికి తళతళలాడుతున్నాయి, చెక్కలోకి మాత్రం దిగవు. పొగ లేస్తోంది. సాయంత్రానికి కుదరకపోతే ఇక బజార్లోనే ఇచ్చుకుంటాను."

గుమ్మంలో నిలబడ్డ ఆయన అక్క అందుకుంది. "వదిలెయ్యరా తమ్ముడూ. చేతకాని పనికి చెమటెక్కువ. ఆ రాయి ఎవరికైనా ఇచ్చేసి మా ఇంటికొచ్చెయ్. ముందు గదిలో మంచం వేస్తాను, పడుకుందువుగాని."

"అలాగే," అన్నాడాయన.

వాళ్లు వెళ్లాక సొరుగు తీశాడు. ఆమె చివరిగా సాన పట్టిన బిట్టు ఒక్కటే మిగిలి ఉంది. వాడితే అరుగుతుందని వాడలేదు. ఇల్లు వదిలేవాడికి ఇక దాచుకునేదేముంది? చెక్కముక్క బిగించి రంధ్రం వేశాడు.

రజను చుట్టలు చుట్టలుగా లేచింది. "ఈయనకు ఎన్నిసార్లు చెప్పాలో! రాయికి ఆనించి తిప్పేటప్పుడు బిట్టు వెనక కొస, ఆ తోక, దించాలి. ఈయన ఎత్తుతాడు. అంచు వెనక మడమ ఎత్తుగా మిగిలిపోతుంది, ఇక అంచు చెక్కను తాకేదెలా? మొండిఘటం. ఆ బిట్లు వీపు గోక్కోవడానికే..."

చెక్క అవతలికి చిల్లు పడింది. మాట ఆగిపోయింది.

ఆయనకు ఏడుపు రాలేదు. వడ్రంగి బిట్టొకటి రాయికి ఆనించి తోక దించాడు. కుదరలేదు. నాలుగోసారికి మడమ తగ్గింది. "సరే, దించాను," అన్నాడు పైకి. ఆ తరువాత పదకొండు బిట్లూ పూర్తయ్యేదాకా ఆయన నోరు మూతపడలేదు.

మర్నాడు అక్కగారింటి ముందు గదిలో, తమ్ముడి బట్టలకని, వడ్రంగి కొక్కేల చెక్క బిగిస్తున్నాడు. బిట్టు వెన్నలోకి దిగినట్టు దిగింది. రజనులోంచి తమ్ముడి గొంతు వచ్చింది. "కిటికీ తీశాను. గాలి ఫరవాలేదు. అక్కకు కోపమొస్తుంది గాని, నేను వెళ్లను."

వడ్రంగి మిషను ఆపాడు. అక్క చేతిలోని దుప్పటిని మంచం మీద పెట్టి, దాని పక్కనే కూర్చుంది.

"ఇంకా ఎన్ని రంధ్రాలున్నాయి?"

"మూడమ్మా. కానీ ఆయన రానంటుంటే ఈ కొక్కేలెందుకు?"

"ఎందుకైతే నీకెందుకు? వెయ్యి. విననీ."