అత్త ఎత్తిన చెయ్యి

టీవీవాళ్ళు నెలకోసారి పెట్టే పిల్లల కచేరీకి తన తరగతిని రమ్మన్నారని తెలిసినప్పటి నుంచి సంగీతం టీచరు కాళ్ళు నేల మీద నిలవలేదు. వారమంతా పిల్లల చెవుల్లో ఇల్లు కట్టుకుని ఒకటే పాఠం చెప్పింది.

"పెద్ద వాద్యబృందం మధ్యలో రెండుసార్లు ఆగుతుంది. అయిపోయిందనుకుని చప్పట్లు కొట్టారో, మన పరువు పోయినట్టే! మూడోసారి ఆగాక నేను చెయ్యెత్తుతాను. అప్పుడే కొట్టాలి."

ఆ తరగతిలోనే ఆవిడ మేనకోడలూ ఉంది. నోటికి మూత లేదు కాబట్టి ఇంటిల్లిపాదీ గలగల అంటారు. హాల్లో కూర్చోగానే, వాద్యబృందం ముందు నిలబడ్డ కండక్టర్ని చూసి అందుకుంది.

"అత్తా, కండక్టరంటే టికెట్లిచ్చేవాడు కదా! ఈయన చేతిలో పుల్ల ఉందేంటి?"

"నోర్ముయ్యి."

పుల్ల కదలగానే గలగల నిజంగానే నోరు మూసుకుంది. వయొలిన్లు లేచాయో లేదో, పిల్ల కూర్చున్నచోటే ఊగిపోయింది.

మొదటి భాగం నడుమ వాద్యాలన్నీ ఒక్క క్షణం ఆగాయి. భాగం అయిపోయి కాదు, ఊపిరి తీసుకోవడానికి. టీచరు దాన్నీ లెక్కలో వేసుకుంది. అక్కడే కొంప మునిగింది. రెండో భాగం ముగియగానే మహా ధీమాగా చెయ్యెత్తింది. తరగతి తరగతంతా చప్పట్లు దంచేసింది.

పుల్ల గాలిలోనే ఆగిపోయింది. ముందు వరసల పెద్దవాళ్ళు వెనక్కి తిరిగారు. కెమెరా కూడా ఇటే తిరుగుతోంది. టీచరు గబుక్కున చెయ్యి దించి, పక్కనున్న మేనకోడలి చేతులు పట్టుకుంది. అల్లరంటే అదేనని ఎవరైనా నమ్ముతారు మరి.

"నీకెన్నిసార్లు చెప్పాలే!" అంది, నలుగురికీ వినపడేలా.

అసలు ముగింపుకి హాలు చప్పట్లతో దద్దరిల్లింది. గలగల మాత్రం చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చుంది.

సాయంత్రం ఇంట్లో అందరూ టీవీ ముందు చేరారు. తెర మీద ఎత్తిన చెయ్యి ఎక్కడా లేదు. చప్పట్లు, ఆ వెంటనే గలగల ముఖం. టీచరు తమ్ముడు, అంటే పిల్ల తండ్రి, తల పట్టుకున్నాడు.

"లోకమంతా చూసేలా అత్త పరువు తీశావు కదే!"

టీచరుకు సిగ్గుతో చచ్చినంత పనైంది. "తప్పు నాదిరా. లెక్క తప్పి చెయ్యెత్తింది నేనే. దాన్ని అన్యాయంగా అన్నాను."

తమ్ముడు నవ్వేశాడు. "దాన్ని వెనకేసుకురాకక్కా. నీకు లెక్క తప్పడమేంటి? చిన్నప్పుడు నా తప్పులూ ఇలాగే మీదేసుకునేదానివి."

"నిజంరా, నా మాట నమ్ము!"

"నేను కొట్టాను నాన్నా," అంది గలగల, సన్నగా. "అత్త ముందే వద్దని చెప్పింది."

నిజం చెప్పి మరీ మంచిదనిపించుకోవడం కంటే సిగ్గుమాలిన పని ఇంకోటి ఉంటుందా అనిపించింది టీచరుకు.

టీవీలో బాకాలూ డోళ్ళూ కలిసి హోరెత్తాయి. పిల్ల బొటనవేలు రెండుసార్లు ఆడి ఆగిపోయింది. అది టీవీ చూడటం లేదు. ఇప్పుడు సంతోషపడొచ్చా, పడకూడదా అని అత్త ముఖంలోకి చూస్తోంది.