పీల్చే మందు

ఆ వడ్రంగిని అందరూ ఒక్కమాట మేస్త్రి అనేవారు. కిటికీ కొలతైనా, మంచం కోడు ఎత్తైనా ఒక్కసారి చెబితే చాలు, రెండోసారి అడిగే అలవాటు లేదు. ముప్పై ఏళ్లుగా మోస్తున్న ఆ పేరు ఆసుపత్రి గదిలోకి కూడా వెంటే వచ్చింది.

మొదటిసారి ఒక్కడే వెళ్లాడు. చెక్కపొట్టు దుమ్ము పీల్చి పీల్చి ఊపిరి దారులు బిగుసుకుపోయాయని చెప్పి, డాక్టరమ్మ పొడి నింపిన గొట్టంమాత్రలు ఒక డబ్బా, చేతిలో ఇమిడే ప్లాస్టిక్ పరికరం ఒకటి ఇచ్చింది. దాన్ని తిప్పి చూపిస్తూ గబగబా ఏదో చెప్పింది. మేస్త్రి చూపు మాత్రం ఆమె వెనకున్న అల్మారా మీద ఉంది. పై బందు ఊడి తలుపు వేలెడు వాలిపోయింది. "అర్థమైందా?" అనేసరికి తల ఊపేశాడు. కూతురి ఈడు పిల్ల. మళ్లీ చెప్పమ్మా అనడానికి నోరు రాలేదు.

ఇంటికెళ్లాక భార్య ఆ ప్లాస్టిక్ దాన్ని అటూ ఇటూ తిప్పింది.

"ఇదెందుకయ్యా?"

"మాత్రలతో పాటు ఊరికే ఇస్తార్లే."

"మరి మాత్రలు?"

"పొద్దునొకటి, రాత్రొకటి మింగమంది డాక్టరమ్మ."

ఆ మాట ఎంత తేలిగ్గా వచ్చేసిందో! నెలన్నర మింగాడు. ఆయాసం తగ్గలేదు సరికదా, చిత్రిక నాలుగుసార్లు తోస్తే బల్ల పట్టుకుని నిలబడాల్సి వచ్చేది.

ఈసారి భార్య వెంట వచ్చింది. వరండా బెంచీ మీద కూర్చుని ఉండగా, ఎదురుగా నర్సు ఒక ముసలాయన చేత అలాంటి పరికరంలోనే మాత్ర పెట్టించి, నోట కరిపించి పీల్పించింది. మేస్త్రి చెవులు వేడెక్కాయి. పక్కకు చూశాడు. భార్య సంచిలో చీటీల కోసం వెతుకుతోంది. చూడలేదు, బతికిపోయాననుకున్నాడు. అలా అనుకున్నందుకు మరింత సిగ్గేసింది.

డాక్టరమ్మ వీపు మీద స్టెతస్కోపు పెట్టి విన్నది.

"మందు వాడుతున్నారా?"

"వాడుతున్నా."

"అయినా తగ్గలేదంటే ఇంకేదో ఉన్నట్టుంది. ఊపిరితిత్తుల్లోకి గొట్టం పంపి చూడాలి. రేపు చేరండి."

భార్యకు ముందు భయం వేసింది, ఆ వెంటనే కోపం వచ్చింది.

"ఒక్కపూట తప్పలేదమ్మా ఈయన! నీళ్లగ్లాసు నా చేత్తో అందించా. మీ మందులో పస లేకపోతే మనిషి గొంతులో గొట్టాలు దూరుస్తారా?"

డాక్టరమ్మ కలం ఆగింది. "నీళ్లగ్లాసా? మింగారా?"

"మీరేగా మింగమన్నారు! చెప్పింది చెప్పినట్టు చేసే మనిషండీ."

డాక్టరమ్మ పాత చీటీని కాసేపు చూసింది. "ఆ రోజు జనం ఎక్కువగా ఉన్నారు. నేనే సరిగ్గా చెప్పి ఉండను. తప్పు నాదేనేమో."

"అదీ!" అంది భార్య, కుర్చీలో వెనక్కి వాలి.

ఊరుకుంటే అంతా అక్కడితో సరి. కానీ ఆ పిల్ల మొహం చిన్నబోయి ఉంది.

"ఆవిడ చెప్పింది," అన్నాడు మేస్త్రి నేల చూస్తూ. "తిప్పి కూడా చూపించింది. నేను వినలేదు. మళ్లీ అడగడానికి నామోషీ అనిపించి తలూపా. మింగమందని నీతో అన్నది, నేను కల్పించింది."

భార్య మొగుడి వంక చూడలేదు. సంచి తాడు ముడి విప్పి మళ్లీ వేసుకుంది.

"ఇప్పటికైనా చెప్పారు, అదే పదివేలు," అంది డాక్టరమ్మ. "చేరడం ఇప్పుడొద్దు. ముందు ఈ మందు సరిగ్గా వాడి నెల చూద్దాం." మాత్ర పెట్టి పరికరం చేతికిచ్చింది. చెక్క మీది పొట్టు ఊదే అలవాటున్న నోరు, పీల్చడానికి బదులు ఊదేసింది. తెల్లటి పొడి డాక్టరమ్మ కోటు చేతి మీద పడింది.

"లోపలికి, పెద్దాయనా, లోపలికి!"

రెండో మాత్రకు కుదిరింది.

"ఇంకేమైనా అడగాలా?"

మేస్త్రి తల ఊపి ఊరుకోలేదు. "మింగినవన్నీ కడుపులో ఏం చేసుంటాయమ్మా?"

"పెద్దగా ఏం చేయవు."

"మరి చిత్రిక పట్టొచ్చా?"

"మాస్కు కట్టుకుని, ఆరుబయట."

"మాస్కంటే ఎలాంటిది?" అడుగుతుంటే మెడ దాకా వేడెక్కింది. ఆమె ఓపిగ్గా చెప్పింది. ఈసారి ఆమె నోటినే చూస్తూ విన్నాడు.

లేస్తూ భార్య తల వంచింది. "నోరు జారాను తల్లీ, మనసులో పెట్టుకోవద్దు."

అద్దె ఇంటి యజమానికీ, వియ్యపురాలికీ ఏనాడూ వంచని తల అది. ఆ మాట తను అనాల్సింది, అనుకున్నాడు మేస్త్రి. అందామని నోరు తెరిచేసరికి, తర్వాతి మనిషి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు.